జాగింగ్

జాగింగ్ అనగా నడక కంటె వేగంగాను, పోటీ పరుగు కంటె నెమ్మదిగాను, ఒకే లయలో సాగే పరుగు. దీనిని తెలుగులో నెమ్మది పరుగు అని చెప్పవచ్చు. సాధారణంగా గంటకు 6 నుండి 9 కిలోమీటర్ల వేగంతో సాగే పరుగును ఈ పేరుతో పిలుస్తారు. అయితే దీనికి కచ్చితమైన హద్దు ఏదీ లేదు. నడకలో ఏదో ఒక పాదం ఎల్లప్పుడు నేలను తాకి ఉంటుంది. జాగింగ్‌లో ప్రతి అంగకు ఒక క్షణం పాటు రెండు పాదాలు గాలిలో ఉంటాయి. నడకకు, పరుగుకు మధ్య గల అసలు భేదం ఇదే.

శరీరపు బరువు తగ్గించుకొనుట కొరకు జాగింగ్ మొదలుపెట్టేవారు అనేకులు. వారిలో కొందరు కొద్దివారాలకే మానివేయడానికి ముఖ్యంగా రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, శక్తికి మించిన వేగంతో పరుగెత్తి గాయాల పాలు కావడం. రెండవది, పరుగు ఒక్కటే బరువును త్వరగా తగ్గిస్తుందని ఆశించి నిరాశ చెందడం. కాబట్టి ప్రారంభకులు జాగింగ్ చేసే పద్ధతిని, దాని ప్రయోజనాలతో పాటు పరిమితులను కూడా తెలుసుకొనుట అవసరం.

చరిత్ర

పరుగు మానవునికి అనాదిగా తెలిసినదే. కాని సామాన్యులు ఆరోగ్యం కొరకు నెమ్మదిగా పరుగెత్తే అలవాటు 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో వ్యాపించింది. దీనికి ఆద్యులలో ముఖ్యుడు న్యూజీలాండ్ దేశానికి చెందిన శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్ (1917 - 2004). బూట్ల కర్మాగారంలో పనిచేసిన లిడియార్డ్, తన శరీరం మీదనే ప్రయోగాలు చేసి ఒక శిక్షణ పద్ధతిని రూపొందించాడు. ఆయన శిష్యులైన పీటర్ స్నెల్, ముర్రే హాల్‌బెర్గ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు గెలిచారు. క్రీడాకారులకు ఉపయోగించిన నెమ్మది పరుగునే లిడియార్డ్ మధ్యవయస్కులకు, గుండెజబ్బు నుండి కోలుకున్నవారికి కూడా నేర్పాడు. 1962లో ఆక్లండ్ నగరంలో జాగర్ల సంఘం ఏర్పడింది.

అదే సంవత్సరం చివర అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయ శిక్షకుడు బిల్ బోవర్‌మన్ న్యూజీలాండ్ వెళ్ళి ఈ సంఘం వారితో కలసి పరుగెత్తాడు. క్రీడా శిక్షకుడై ఉండి కూడా, 51 సంవత్సరాల వయసులో, తనకంటె పెద్దవారితో సమానంగా సాగలేక వెనుకబడ్డాడు. ఆ అనుభవంతో స్వదేశానికి తిరిగివచ్చి 1963లో యూజీన్ పట్టణ ప్రజలకు జాగింగ్ తరగతులు ప్రారంభించాడు. హృద్రోగ వైద్యుడు వాల్డో హ్యారిస్‌తో కలసి ఆయన రచించిన "జాగింగ్" అను పుస్తకం 1967లో వెలువడింది. తరువాతి కాలంలో నైకీ అను పేరు పొందిన బూట్ల సంస్థను 1964లో స్థాపించిన ఇద్దరిలో బోవర్‌మన్ ఒకడు.

1968లో అమెరికా వాయుసేన వైద్యుడు కెన్నెత్ కూపర్ రచించిన "ఏరోబిక్స్", 1977లో జిమ్ ఫిక్స్ రచించిన "ది కంప్లీట్ బుక్ ఆఫ్ రన్నింగ్" పుస్తకాలు ఈ అలవాటును మరింత వ్యాప్తి చేశాయి. 1996లో జోష్ క్లార్క్ అను అమెరికను, పరుగు అలవాటు లేనివారు 9 వారాలలో 5 కిలోమీటర్లు పరుగెత్తగలిగేలా ఒక ప్రణాళికను తయారుచేశాడు. నడక, పరుగు ఒకదాని తరువాత ఒకటి చేయడం ఇందులోని ముఖ్యాంశం. జపానులోని ఫుకువోకా విశ్వవిద్యాలయ ఆచార్యుడు హిరోఆకి తనాకా, చిరునవ్వు చెదరని వేగంతో పరుగెత్తే "స్లో జాగింగ్" పద్ధతిని ప్రచారం చేశాడు.

శరీరంలో జరిగే మార్పులు

పరుగెత్తేటప్పుడు కాలి కండరాలకు ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. దానిని అందించడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, శ్వాస వేగం హెచ్చుతుంది. కొన్ని వారాల అభ్యాసం తరువాత గుండె ఒక్కొక్క స్పందనలో ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. విశ్రాంతి సమయంలో నాడి వేగం తగ్గుతుంది. మొదట్లో ఆయాసం కలిగించిన దూరమే తరువాత సులభంగా తోస్తుంది.

ఇక్కడ ప్రారంభకులు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొద్దివారాలలోనే బలపడతాయి. ఎముకలు, కీళ్ళు, కండరాలను ఎముకలకు కలిపే స్నాయువులు బలపడడానికి నెలలు పడుతుంది. అందువలన మూడవ, నాలుగవ వారానికి "ఇంకా వేగంగా పరుగెత్తగలను" అనే నమ్మకం కలుగుతుంది గాని, కాళ్ళు అందుకు సిద్ధంగా ఉండవు. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారి శరీరపు బరువుకు రెండు నుండి మూడు రెట్ల బలం కాలి మీద పడుతుంది. 80 కిలోల బరువు గల వ్యక్తి విషయంలో ఇది 160 నుండి 240 కిలోల బరువుకు సమానం. ఇరవై నిమిషాల జాగింగ్‌లో సుమారు మూడువేల అడుగులు పడతాయి. బరువు ఎక్కువగా ఉన్నవారు మరింత నిదానంగా మొదలుపెట్టాలని చెప్పడానికి కారణం ఇదే.

బరువు తగ్గడంలో జాగింగ్ పాత్ర

జాగింగ్‌లో ఖర్చయ్యే శక్తి ముఖ్యంగా శరీరపు బరువు మీద, పరుగెత్తిన దూరం మీద ఆధారపడుతుంది. స్థూలంగా ప్రతి కిలో బరువుకు, ప్రతి కిలోమీటరుకు ఒక కేలరీ ఖర్చవుతుంది. (ఆహార విషయంలో కేలరీ అని వ్యవహరించేది నిజానికి కిలోకేలరీ.) వేగం పెంచితే సమయం కలిసివస్తుంది గాని, అదే దూరానికి ఖర్చయ్యే శక్తిలో పెద్ద తేడా ఉండదు. కాబట్టి బరువు తగ్గదలచినవారికి వేగంతో పని లేదు.

ఉదాహరణకు 80 కిలోల వ్యక్తి 3 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 240 కేలరీలు ఖర్చవుతాయి. వారానికి మూడు రోజులు పరుగెత్తితే 720 కేలరీలు. శరీరంలో ఒక కిలో కొవ్వు తగ్గడానికి సుమారు 7,700 కేలరీల లోటు ఏర్పడాలి. అనగా ఆహారంలో ఏ మార్పూ లేకపోతే ఒక కిలో తగ్గడానికి ఇంచుమించు 11 వారాలు పడుతుంది. అదే వ్యక్తి ఆహారంలో కూడా రోజుకు 200 కేలరీలు తగ్గిస్తే వారానికి మొత్తం లోటు 2,120 కేలరీలు అవుతుంది. అప్పుడు ఒక కిలో సుమారు 25 రోజులలో తగ్గుతుంది. ఇవి ఉజ్జాయింపు లెక్కలు మాత్రమే. బరువు తగ్గేకొద్దీ శరీరానికి కావలసిన శక్తి కూడా తగ్గుతుంది కనుక కొంతకాలానికి తగ్గుదల మందగించడం సహజం.

పరుగెత్తిన తరువాత ఆకలి పెరుగుతుంది. "ఎలాగూ పరుగెత్తాను కదా" అని అదనంగా తినడం, మిగిలిన రోజంతా కూర్చొని ఉండడం వలన పడిన శ్రమ వృథా అవుతుంది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. 70 కిలోల వ్యక్తి 5 కిలోమీటర్లు పరుగెత్తితే ఖర్చయ్యేది కూడా దాదాపు అంతే. 15 మిల్లీలీటర్ల నూనెలో సుమారు 120, ఒక టీస్పూను పంచదారలో సుమారు 20 కేలరీలు ఉంటాయి. వేపుళ్ళలో నూనె, రోజుకు మూడు నాలుగుసార్లు త్రాగే కాఫీ, టీలలో పంచదార, రెండవసారి వడ్డించుకునే అన్నం తగ్గించుకుంటే పైన చెప్పిన 200 కేలరీలు కష్టం లేకుండానే తగ్గుతాయి.

బరువు ఎక్కువగా ఉన్నదీ లేనిదీ తెలుసుకోవడానికి శరీర ద్రవ్యరాశి సూచికను ఉపయోగిస్తారు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు యొక్క వర్గంతో భాగిస్తే ఇది వస్తుంది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు గల వ్యక్తి సూచిక 29.4. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం 25 నుండి అధిక బరువు, 30 నుండి స్థూలకాయం. భారతీయులలో తక్కువ బరువుకే మధుమేహం, గుండెజబ్బులు కనిపిస్తున్నందున ఇక్కడి వైద్యులు 23 నుండి అధిక బరువుగాను, 25 నుండి స్థూలకాయంగాను పరిగణించాలని 2009లో సూచించారు. నడుము చుట్టుకొలత పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లకు మించకుండా ఉండడం మంచిది. జాగింగ్ చేసేవారు రోజూ బరువు చూసుకోవడం కంటె వారానికి ఒకసారి బరువును, నెలకు ఒకసారి నడుము కొలతను వ్రాసి ఉంచుకొనుట మేలు.

బరువు తగ్గకపోయినా జాగింగ్ వ్యర్థం కాదు. రక్తపోటు, రక్తంలో చక్కెర అదుపులోకి రావడానికి, నిద్ర పట్టడానికి ఇది తోడ్పడుతుంది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో జరిగిన దీర్ఘకాలిక అధ్యయనం ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి. వారానికి 1 నుండి 2.4 గంటల పాటు, నెమ్మదిగా గాని మధ్యస్థంగా గాని పరుగెత్తేవారిలో మరణాల రేటు అన్నిటికంటె తక్కువగా ఉన్నట్లు అందులో తేలింది.

వైద్య పరీక్ష

జాగింగ్ మొదలుపెట్టే ముందు ఈ క్రిందివారు తప్పనిసరిగా వైద్యుని సంప్రదించాలి.

* 40 సంవత్సరాలు దాటి, అంతవరకు వ్యాయామం అలవాటు లేనివారు
* గుండెజబ్బు, రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం ఉన్నవారు
* తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు
* ధూమపానం చేసేవారు, చాలాకాలం చేసి మానినవారు
* మోకాలి, నడుము నొప్పులు ఉన్నవారు, శస్త్రచికిత్స జరిగినవారు
* గర్భిణులు, బాలింతలు

ఈ సందర్భంలో జిమ్ ఫిక్స్ జీవితం గుర్తుంచుకోదగినది. ఆయన తండ్రికి 35వ ఏట గుండెపోటు వచ్చి, 43వ ఏట అదే జబ్బుతో మరణించాడు. ఫిక్స్ 35 సంవత్సరాల వయసులో, 1967లో, పరుగు ప్రారంభించాడు. అప్పుడు ఆయన బరువు సుమారు 97 కిలోలు. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. పరుగుతో బరువు బాగా తగ్గించుకొని, ధూమపానం మానివేశాడు. అయినప్పటికీ 1984 జూలై 20న, 52వ ఏట, వెర్మాంట్ రాష్ట్రంలో రోడ్డు మీద జాగింగ్‌కు వెళ్ళి గుండెపోటుతో మరణించాడు. గుండెకు రక్తం అందించే ధమనులలో కొవ్వు తీవ్రంగా పేరుకొని ఉన్నట్లు శవపరీక్షలో వెల్లడయింది.

దీనిని బట్టి జాగింగ్ హానికరమని భావించరాదు. తండ్రి కంటె ఆయన తొమ్మిదేళ్ళు ఎక్కువ జీవించాడు. అయితే సన్నబడిన శరీరం, పరుగెత్తగల శక్తి ఉన్నంత మాత్రాన గుండె ధమనులు బాగున్నాయని చెప్పలేమని, కుటుంబంలో గుండెజబ్బు ఉన్నవారు పరీక్షలు మానరాదని ఈ ఉదంతం తెలుపుతుంది.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి పరుగు సమయంలో రక్తంలో చక్కెర ఎక్కువగా పడిపోవచ్చు. వారు జేబులో పంచదార పొట్లం గాని, గ్లూకోజు బిళ్ళలు గాని ఉంచుకోవాలి. పాదాలలో స్పర్శ తగ్గినవారు పరుగుకు ముందు, తరువాత పాదాలను పరీక్షించుకోవాలి.

ప్రారంభకులకు అభ్యాస క్రమం

మొదట రెండు మూడు వారాలు రోజుకు 30 నిమిషాలు చురుకుగా నడవాలి. ఆయాసం, నొప్పి లేకుండా నడవగలిగిన తరువాతనే పరుగు మొదలుపెట్టాలి. ఆ తరువాత వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఈ క్రింది విధంగా అభ్యాసం చేయవచ్చు. ప్రతి రోజు మొదట 5 నిమిషాలు, చివర 5 నిమిషాలు అదనంగా నడవాలి.

* 1, 2 వారాలు: 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక - 7 సార్లు
* 3, 4 వారాలు: 2 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక - 6 సార్లు
* 5, 6 వారాలు: 4 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక - 4 సార్లు
* 7, 8 వారాలు: 7 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక - 3 సార్లు
* 9, 10 వారాలు: 12 నిమిషాల పరుగు, 2 నిమిషాల నడక - 2 సార్లు
* 11వ వారం: 20 నిమిషాలు ఆగకుండా పరుగు
* 12వ వారం: 25 నిమిషాలు ఆగకుండా పరుగు

ఏ వారమైనా కష్టంగా తోస్తే తరువాతి మెట్టుకు వెళ్ళకుండా అదే వారాన్ని మళ్ళీ చేయాలి. పన్నెండు వారాల పనికి ఇరవై వారాలు పట్టినా నష్టం లేదు. జ్వరం, జలుబు వలన వారం రోజులకు మించి మానితే ఒక మెట్టు వెనుకనుండి మొదలుపెట్టాలి. విశ్రాంతి రోజులు సోమరితనం కాదు. కండరాలు, స్నాయువులు బలపడేది ఆ రోజులలోనే. ఆ రోజులలో మామూలు నడక, యోగాసనాలు చేయవచ్చు.

పెద్దలు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గాని, 75 నుండి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం గాని చేయాలని, దానితో పాటు వారానికి రెండు రోజులైనా కండరాలను బలపరచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పన్నెండు వారాల క్రమం పూర్తిచేసినవారు 75 నిమిషాల పరుగు మెట్టుకు చేరుకుంటారు.

వేగం, భంగిమ

తగిన వేగాన్ని తెలుసుకోవడానికి మాట్లాడి చూడడమే సులభమైన పరీక్ష. పరుగెత్తుతూ ప్రక్కవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్లు. ఒకటి రెండు మాటలకే రొప్పు వస్తే వేగం ఎక్కువైనట్లు. నిదానమే ప్రధానం అనే సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ప్రక్కన చురుకుగా నడిచేవారు దాటిపోయినా చిన్నతనంగా భావించనవసరం లేదు.

నాడిని లెక్కించే పద్ధతి కూడా ఉంది. 220 నుండి వయసును తీసివేస్తే నిమిషానికి గరిష్ఠ గుండె వేగం ఉజ్జాయింపుగా వస్తుంది. 45 సంవత్సరాల వ్యక్తికి ఇది 175. ప్రారంభకులు ఇందులో 60 నుండి 70 శాతం, అనగా 105 నుండి 122 వరకు, ఉండేలా చూసుకోవచ్చు. రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవారిలో గుండె వేగం పెరగదు కనుక వారికి ఈ లెక్క పనికిరాదు.

తల నిటారుగా ఉంచి, చూపు ముందుకు సారించాలి. భుజాలు బిగించకూడదు. మోచేతులు వంచి, పిడికిలి వదులుగా ఉంచాలి. అడుగులు పొడవుగా వేయరాదు. చిన్న అడుగులు వేస్తే పాదం శరీరం క్రిందనే పడి మోకాలికి అదురు తగ్గుతుంది.

బూట్లు, స్థలం, వేళ

పరుగు కొరకు తయారైన బూట్లు వాడాలి. వ్రేళ్ళకు, బూటు కొనకు మధ్య బొటనవ్రేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కనుక ఆ వేళ కొలత చూసి కొనడం మంచిది. ఖరీదైన బూట్లే కావాలనే నియమం లేదు. చెప్పులతో, అడుగుభాగం అరిగిన బూట్లతో పరుగెత్తరాదు. వదులైన నూలు దుస్తులు గాని, చెమటను త్వరగా ఆరనిచ్చే దుస్తులు గాని ధరించాలి. స్త్రీలు వక్షస్థలానికి తగిన ఆధారమిచ్చే లోదుస్తులు ధరించడం అవసరం.

చదునైన మట్టి నేల పరుగుకు అనుకూలం. ఊరి పాఠశాల లేదా కళాశాల మైదానం చాలు. హైదరాబాదులో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం చుట్టూ గల బాట, నెక్లెస్ రోడ్డు, విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ రోడ్డు ఉదయపు నడకకు, పరుగుకు పేరుపొందాయి. రోడ్డు మీద పరుగెత్తవలసి వస్తే, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడిప్రక్కన సాగాలి. చెవులలో పాటలు పెట్టుకోకూడదు. చీకటిలో లేత రంగు దుస్తులు ధరించాలి. వీధికుక్కలు వెంటబడితే పరుగు ఆపి, వాటి కళ్ళలోకి చూడకుండా నిదానంగా నడచి వెళ్ళాలి.

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత చాలాచోట్ల 40 డిగ్రీలు దాటుతుంది. ఆ కాలంలో సూర్యోదయానికి ముందే ముగించడం మంచిది. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కనుక చెమట ఆరదు, శరీరం త్వరగా వేడెక్కుతుంది. అటువంటి రోజులలో వేగం, సమయం రెండూ తగ్గించుకోవాలి.

భోజనం చేసిన తరువాత రెండు మూడు గంటల వరకు పరుగెత్తరాదు. ఉదయం పరుగెత్తేవారు ముందుగా ఒక గ్లాసు మంచినీరు త్రాగాలి. పరుగు తరువాత నీరు, పలుచని మజ్జిగ సరిపోతాయి. అరగంట పరుగుకు పంచదార కలిపిన శక్తి పానీయాల అవసరం లేదు.

సాధారణ గాయాలు

కాలి ముందుభాగంలో, మోకాలికి చీలమండకు మధ్య ఎముక వెంబడి నొప్పి రావడం ప్రారంభకులలో సాధారణం. మోకాలిచిప్ప చుట్టూ నొప్పి, ఉదయం మంచం దిగగానే మడమ క్రింద పోటు, మడమ వెనుక స్నాయువు నొప్పి కూడా తరచుగా వస్తాయి. వీటికి ముఖ్య కారణం దూరాన్ని, వేగాన్ని తొందరపడి పెంచడమే. నొప్పి వచ్చినపుడు కొద్దిరోజులు పరుగు మాని, నొప్పి లేనంతవరకు నడవాలి. ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి ఉన్నా, వాపు ఉన్నా, నొప్పి వలన కుంటవలసి వచ్చినా వైద్యునికి చూపించాలి. పరుగు మధ్యలో డొక్కలో పోటు వస్తే వేగం తగ్గించి దీర్ఘంగా శ్వాస తీసుకుంటే తగ్గుతుంది.

ఛాతీలో నొప్పి లేదా బిగపట్టినట్లు ఉండడం, ఎడమచేతికి గాని దవడకు గాని నొప్పి ప్రాకడం, కళ్ళు తిరగడం, గుండె లయ తప్పినట్లు అనిపించడం, ఎన్నడూ లేని ఆయాసం - వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆగిపోవాలి. "గ్యాసు నొప్పి" అని తేల్చుకొని ఇంటికి పరుగెత్తడం ప్రాణాపాయం. ప్రక్కవారిని పిలిచి, 108 అంబులెన్సుకు ఫోను చేయించాలి.

అపోహలు

* ''చెమట ఎక్కువ పడితే కొవ్వు కరుగుతుంది.'' - చెమట రూపంలో పోయేది నీరు. త్రాగగానే ఆ బరువు తిరిగి వస్తుంది. దళసరి దుస్తులు, ప్లాస్టిక్ కోట్లు ధరించి పరుగెత్తితే వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది.
* ''పరుగెత్తితే పొట్ట మాత్రమే తగ్గుతుంది.'' - కొవ్వు శరీరమంతటా తగ్గుతుంది. ఏ భాగంలో ముందు తగ్గాలో వ్యాయామంతో నిర్ణయించలేము.
* ''జాగింగ్ వలన మోకాళ్ళు అరిగిపోతాయి.'' - 2017లో ప్రచురితమైన ఒక సమగ్ర పరిశీలనలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల వినోదం కొరకు పరుగెత్తేవారిలో 3.5 శాతం, పరుగెత్తనివారిలో 10.2 శాతం, పోటీ పరుగుల క్రీడాకారులలో 13.3 శాతం కనిపించింది. ఇప్పటికే కీళ్ళు అరిగినవారు మాత్రం వైద్యుని సలహా పొందాలి.
* ''రోజూ పరుగెత్తితేనే ఫలితం.'' - ప్రారంభకులకు వారానికి మూడు రోజులు చాలు.

జాగింగ్ చేయరానివారు

అందరికీ జాగింగ్ తగినది కాదు. బరువు మరీ ఎక్కువగా ఉన్నవారు, కీళ్ళనొప్పులు ఉన్నవారు చురుకైన నడక, సైకిలు త్రొక్కడం, ఈత వంటివి ఎంచుకోవచ్చు. రోజుకు గంటసేపు నడచి, మితంగా భుజించేవారికి కూడా బరువు తగ్గుతుంది. కొంత బరువు తగ్గిన తరువాత పరుగు మొదలుపెట్టడం కాళ్ళకు క్షేమం. ఏ వ్యాయామమైనా సంవత్సరాల తరబడి కొనసాగించగలిగినపుడే తగ్గిన బరువు తిరిగి పెరగకుండా నిలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* నడక
* మారథాన్
* స్థూలకాయం
* మధుమేహం
* గుండెపోటు
* యోగాసనాలు